ఉన్ని కొట్టేవాళ్ళ ఇంటిపేరు

నా చిన్నప్పుడు ఎవరైనా పేరడిగితే సగమే చెప్పేవాణ్ణి. మిగతా సగం మింగేసేవాణ్ణి. ఆ మింగేసిన సగం మా ఇంటిపేరు. మేము దూదేకులవాళ్ళం. కర్నూలు, కడప వైపు ఈ మాట తెలియనివాళ్ళు ఉండరు గానీ, తక్కినవాళ్ళ కోసం చెబుతాను. గింజ తీసిన పత్తికి పెద్ద విల్లు ఒకటి ఆనించి, దాని నారిని కొయ్య గుండుతో కొడుతూ పోతే పత్తి విడిపోయి మెత్తటి దూది అవుతుంది. దాన్నే ఏకడం అంటారు. ఆ దూదితో పరుపులు, దిండ్లు కుట్టేవారు. మా జేజినాయన, అంటే మా నాయనను కన్న తండ్రి, బతికినన్నాళ్ళూ చేసిన పని అదే. మేము నమాజు చేసుకునే ముసల్మానులమే అయినా మా ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. చేసే పనే మాకు ఇంటిపేరు అయిపోయింది.

ఊళ్ళో ఉన్నంతకాలం ఆ పేరు నన్నేమీ చెయ్యలేదు. ఎనిమిదో ఏట అమ్మతో కలిసి సౌదీ వచ్చాకే దానితో తంటా మొదలైంది. నాయన అప్పటికే ఖోబర్‌లో డ్రైవరు. డ్రైవర్లకు ఫ్యామిలీ వీసా దొరకడం ఆ రోజుల్లో గగనం. నాయనను పనికి పిలిపించుకున్న సౌదీ కఫీలు మంచి మనసున్నవాడు కాబట్టి మా ఇద్దరికీ ఇఖామాలు, అంటే అక్కడ ఉండడానికి అనుమతి కాగితాలు, చేయించి పెట్టాడు. రెండు గదుల ఇల్లు, కిటికీకి బిగించిన ఏసీ, దాని మోత. బయట ఎండకు జడిసి నేనూ అమ్మా సాయంత్రం దాకా తలుపు తీసేవాళ్ళం కాదు.

స్కూల్లో మాస్టారు హాజరు పిలిచేటప్పుడు పేరు మొత్తం చదివేవాడు. మొదటి రెండేళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. ఐదో తరగతిలో హైదరాబాదు పిల్లవాడొకడు ఆ పేరుకు అర్థం వాళ్ళ నానమ్మను అడిగి తెలుసుకుని వచ్చి తరగతి మొత్తానికీ చాటాడు. మర్నాటి నుంచి నేను గదిలోకి అడుగుపెడితే చాలు, బల్లల మీద స్కేళ్ళు మోగేవి. టక్, టక్, టుంయ్ అని దూది ఏకే చప్పుడు నోటితో చేసేవాళ్ళు. వాళ్ళు ఏనాడూ ఆ చప్పుడు విని ఉండరు, అయినా ఎంత బాగా చేసేవాళ్ళో. ఉర్దూ సరిగ్గా మాట్లాడలేనివాడివి నువ్వేం ముసల్మానువి అని మరొకడు అడిగేవాడు. పిల్లలకు జాలి తక్కువ. ఎవరి పిల్లల గురించైనా నేను ఈ మాటే అంటాను, నా పిల్లలతో సహా.

అలా ఉండగా నాకు విడిగా పాసుపోర్టు తీయించాల్సి వచ్చింది. అప్పటిదాకా నేను అమ్మ పాసుపోర్టులో ఒక చిన్న ఫోటోగా ఉన్నాను. ఇప్పుడు ఫారం నింపి ఎంబసీకి పంపాలి. ఆ ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి ఉంది. పాసుపోర్టులో ఏ పేరు పడితే ఇఖామాలో అదే, స్కూలు సర్టిఫికెట్లలో అదే, చచ్చేదాకా అదే. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి నేను ఏడుపు మొదలుపెట్టాను. మావాళ్ళలో చాలామంది గల్ఫ్‌కు వచ్చేటప్పుడు దూదేకుల తీసేసి షేక్ అని రాయించుకున్నారని నేను విని ఉన్నాను. నాకూ అట్లా రాయించమని నాయన కాళ్ళకు చుట్టుకున్నాను. మూడు రోజులు సరిగ్గా తిండి తినలేదు. స్కూలుకు వెళ్ళనని మొండికేశాను.

మా నాయన కొట్టే మనిషి కాదు. కసురుకునే మనిషి కూడా కాదు. మూడో రోజు రాత్రి నా పక్కన కూర్చుని, “ఏడ్వాకురా. పేరుదేముండాది, షేక్ అని రాపిస్తాలే” అన్నాడు. అమ్మ వంటింట్లోంచి, “మీ నాయనకు తెలిస్తే ఏమనుకుంటాడు?” అంది. “ఆయనకు ఇంగ్లీషు చదవను వస్తాదా ఏమి?” అన్నాడు నాయన. నేను ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

ఫారం టైపు చేయించాలి కదా. కఫీలు పురమాయింపు మీద నాయన అప్పట్లో ఒక జర్మనీ ఇంజనీరుకు కారు నడిపేవాడు. ఆయన పక్కనే దహ్రాన్‌లో చమురు కంపెనీ వాళ్ళిచ్చిన ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. తెల్లజుట్టు, సన్నటి మనిషి. నా కంటికి ముసలాయనే. ఇప్పుడు లెక్కవేసుకుంటే ఆనాటి ఆయన నా కన్నా చిన్నవాడు. ఎక్కువ మాట్లాడడని, డ్రైవరును కూడా మిస్టర్ అనే పిలుస్తాడని నాయన చెప్పేవాడు. ఇంట్లో టైపు మిషన్ ఉంది కాబట్టి నాయన ఫారం, అమ్మ పాసుపోర్టు రెండూ ఆయన చేతిలో పెట్టాడు. అమ్మ పాసుపోర్టులో ఉన్న ఇంటిపేరు చూపించి, ఇది వద్దు, దీని బదులు షేక్ అని కొట్టమని తనకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాడు.

ఆ సాయంత్రం నాయన ఇంటికి వచ్చి చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తు. “ఎందుకు మారుస్తావు అని అడిగినాడు. పిల్లోళ్ళు నగుతాండారు సార్, నా కొడుకు ఏడుస్తాండాడు అని చెప్తి. ఆ పేరుకు అర్థమేంది అన్యాడు. నాకు ఇంగ్లీషులో చెప్పను వస్తాదా. కాటన్ సార్ అని, చేత్తో ఇట్ల ఇట్ల ఏకినట్టు చేసి చూపిస్తి. అంతే, ఆయన మొగంలో నెత్తురు లేకుండా పాయ. శుక్రవారం వాణ్ణి తోడుకోని రా అన్యాడు.” కోపం వచ్చిందేమోనని నాయన భయం. పని ఊడితే మేము ముగ్గురం మూటాముల్లె సర్దుకుని విమానం ఎక్కాల్సిందే.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక నాయన నాకు ఉతికిన చొక్కా తొడిగి కారెక్కించుకున్నాడు. ఆ కంపెనీ ఇళ్ళ కాంపౌండు గేటు దగ్గర కాపలావాళ్ళు నాయన పాసు చూసి, నన్ను చూసి, ఇంట్లోకి ఫోన్ చేసి గానీ వదల్లేదు. లోపల చెట్లు, పచ్చగడ్డి, దాని మీద నీళ్ళు చిమ్ముతున్న గొట్టాలు. నాయన మూడేళ్ళుగా ఆ గుమ్మం ముందు కారు ఆపుతున్నాడే గానీ ఒక్కనాడూ లోపలికి అడుగు పెట్టలేదట. చెప్పులు గుమ్మం బయటే విడిచి, సోఫా అంచున కూర్చున్నాడు. జర్మనీ ఆయన తనే టీ కాచి తెచ్చి ముందు నాయనకు ఇచ్చాడు.

గోడ మీద పెద్ద ప్రపంచ పటం ఉంది. స్కూల్లో చూసిన పటం లాంటిదే గానీ దాని నిండా ఎర్ర సిరా చుక్కలు. జర్మనీ మీద వందలున్నాయి, పక్కనున్న పోలెండు మీద కొన్ని, రష్యాలో కొన్ని, సముద్రం దాటి అమెరికాలో, బ్రెజిల్‌లో కొన్ని. అవేమిటో తెలుసా అని ఆయన నన్ను అడిగాడు. చమురు బావులన్నాను. ఆయన నవ్వలేదు. అవన్నీ తన ఇంటిపేరు వాళ్ళు అన్నాడు.

ఆయన ఇంటిపేరు వోల్‌ష్లేగర్. నాయన ఆ పేరు పలకలేక మూడేళ్ళుగా సార్ అని సరిపెట్టుకుంటున్నాడు. ఆయన ఇంగ్లీషులో ఒక్కొక్క వాక్యం నిదానంగా చెప్పి ఆగేవాడు. నేను దాన్ని తెలుగులో నాయనకు చెప్పేవాణ్ణి. ఆ పని నాకు ఆయన అప్పగించలేదు, నాయనా అడగలేదు. నాయన నా మొహంలోకి చూస్తూ కూర్చుంటే నేనే మొదలుపెట్టాను. మొదట చెప్పింది ఆ పేరుకు అర్థం. ఉన్ని కొట్టేవాడు అని. కొన్ని వందల ఏళ్ళ కిందట వాళ్ళ దేశంలో గొర్రెల నుంచి తీసిన ఉన్ని చిక్కు విడిపించడానికి కర్రలతోనూ విల్లుతోనూ కొట్టేవాళ్ళుండేవారట. నేత పని జరిగే ఊళ్ళల్లో ఒక వీధి వాళ్ళది. ప్రభుత్వం వాళ్ళు పన్ను రాసుకోవడానికి వచ్చి నీ పేరేమిటంటే హాన్స్ అనేవాడట. ఏ హాన్స్ అంటే, ఉన్ని కొట్టే హాన్స్. అదే కాగితం మీదికి ఎక్కింది. కొడుకులు ఉన్ని కొట్టడం మానేసినా పేరు మానలేదు.

నేను తెలుగులో చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ఆయన కుడి చెయ్యి గాలిలో లేపి, నాయన చూపించినట్టే, నారి మీద కొట్టినట్టు ఆడించాడు. “మనమంతా ఒకే పనివాళ్ళం. మీది దూది, మాది ఉన్ని” అన్నాడు. నాయన టీ కప్పు కింద పెట్టేసి, “నిజమేనా, సరిగ్గా ఇన్నావా?” అని నన్ను రెండుసార్లు అడిగాడు. అంతటి ఇంజనీరు ముత్తాతలు కూడా మా జేజినాయన లాగా దుమ్ములో కూర్చుని కొట్టినవాళ్ళే అంటే నాయనకు నమ్మకం కలగలేదు.

ఆ పేరు ఎట్లా పాకిపోయిందో కూడా చెప్పాడు. నేత ఊళ్ళల్లో పని తగ్గితే కొందరు భూమి కోసం తూర్పుకు పోయారట. అక్కడి రాణి పిలిస్తే రష్యా దాకా వెళ్ళినవాళ్ళున్నారు. కరువు వస్తే ఓడెక్కి అమెరికా పోయారు. వాళ్ళలో చాలామంది ఓడ దిగగానే పేరు కత్తిరించుకున్నారట, అక్కడివాళ్ళ నోరు తిరగదని కొందరు, నవ్వుతారని కొందరు. “వాళ్ళకు చుక్క పెట్టలేను. వాళ్ళెక్కడున్నారో నాకు తెలిసే దారి లేదు” అన్నాడు. ఆయన ప్రతి సెలవులోనూ కొత్త ఊరికి వెళ్ళి టెలిఫోన్ డైరెక్టరీలో తన ఇంటిపేరు వెతుకుతాడట. దొరికినవాళ్ళకల్లా ఉత్తరం రాస్తాడట. ఎందుకని నేనే అడిగాను. నాది అడగకుండా ఉండే వయసు కాదు.

ఆయన లేచి లోపలికి వెళ్ళి ఒక అట్టముక్క తెచ్చి బల్ల మీద పెట్టాడు. అరచేయంత ఉంది, పసుపు పచ్చగా మారిపోయింది. పైన రెండు చిల్లులు, వాటిలో జనపతాడు. దాని మీద సిరాతో రాసిన పేరు వెలిసిపోయినా కనిపిస్తోంది. హాన్స్ అని, పక్కన ఆ పెద్ద ఇంటిపేరు, కింద ఊరు.

ఆయన చెప్పింది ఇది. నేను నాయనకు చెప్పిన వరుసలోనే రాస్తాను. రెండో ప్రపంచ యుద్ధం చివరి చలికాలంలో శత్రు సైన్యం ముంచుకొస్తుంటే వాళ్ళ ఊరు వదిలి పారిపోవాల్సి వచ్చింది. ఆయనకు పదేళ్ళు, తమ్ముడికి అయిదేళ్ళు. తప్పిపోతే ఎవరైనా తెచ్చి అప్పగిస్తారని వాళ్ళమ్మ ఇద్దరి మెడల్లోనూ పేరు రాసిన అట్టలు కట్టింది. దారిలో తమ్ముడు తాడు మెడకు గుచ్చుకుంటోందని ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. అమ్మ మూటలు మోస్తూ ముందు నడుస్తోంది. ఈయనకు జాలేసింది. తాడు విప్పి అట్టను తన జేబులో పెట్టుకున్నాడు. తమ్ముడు వెంటనే ఏడుపు ఆపాడు. ఆ రోజే స్టేషన్లో రైలు కోసం జనం ఒకరినొకరు తొక్కుకున్నారు. తమ్ముడి చెయ్యి జారిపోయింది.

వాడికి తన పేరు హాన్స్ అని చెప్పడం వచ్చు. ఇంటిపేరు నోరు తిరిగేది కాదు. మా ఊళ్ళో మస్తాన్‌లు ఎంతమందో ఆ దేశంలో హాన్స్‌లు అంతమందట. ఏ అనాథాశ్రమం వాళ్ళో వాడికి ఇంకేదో ఇంటిపేరు పెట్టి ఉంటారని, బతికి ఉంటే ఆ పేరుతోనే పెద్దవాడై ఉంటాడని ఆయన అన్నాడు. అయినా ఏనాటికైనా తమ్ముడికి ఇంటిపేరు గుర్తొచ్చి, ఆ పేరు వాళ్ళలో ఎవరినైనా అడగకపోతాడా అని, ఆ పేరున్న ప్రతి ఇంటికీ ఉత్తరం రాసి పెడుతున్నాడు. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళుగా.

నేను తెలుగులో చెబుతూ తమ్ముడి ఏడుపు దగ్గరికి వచ్చాను. “నాయనా, వాడు తాడు గుచ్చుకుంటాదని ఏడ్చినాడంట. ఈ సార్‌కు పాపమనిపించి విప్పేసినాడంట” అన్నాను. ఆ మాటలు నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది. నాయన ఆయన వైపు చూడలేదు. నా వైపు చూశాడు. అప్పటిదాకా అంచున కూర్చున్న మనిషి వెనక్కి వాలి, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. మా నాయన కంట నీరు పెట్టడం నేను చూసింది ఆ ఒక్కరోజే. జేజినాయన పోయిన కబురు వచ్చినప్పుడు కూడా ఆయన నా ఎదుట ఏడవలేదు.

జర్మనీ ఆయన ఇలా చెయ్యండి, అలా చెయ్యకండి అని ఒక్క మాట అనలేదు. మిషన్ మీద ఉన్న మా ఫారం తీసి ఇచ్చాడు. నా పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు, అన్నీ చక్కగా టైపు చేసి ఉన్నాయి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశాడు. పక్కన ఒక పెన్ను పెట్టాడు. షేక్ అని కొట్టడానికి ఆయనకు ఎంతసేపు పట్టేది? ఆ పని మేము రాకుండానే అరనిమిషంలో అయిపోయేది. ఆ గడి మాతో నింపించడానికే సెలవు రోజున మమ్మల్ని పిలిపించాడు.

నాయనకు ఇంగ్లీషు రాయడం రాదు. పెన్ను నాకు ఇచ్చాడు. ఏం రాయమంటావని అడిగాను. “ఇంగేం రాస్తావు, మన పేరే రాయి” అన్నాడు. నేను సంతోషంగా రాశానని చెబితే అబద్ధమవుతుంది. మళ్ళీ ఏడ్చాను. నాకు ఆ జర్మనీ తమ్ముడి మీద జాలి ఉంది, అంతకన్నా రేపటి స్కూలు మీద భయం ఉంది. ఈసారి నాయన ఏడ్వాకు అనలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, నేను పెద్దక్షరాలన్నీ ఒక్కొక్కటే రాసేదాకా అట్లాగే ఉంచాడు. ఒక్కచోట కన్నీటి చుక్క పడి సిరా అలికింది. ఎంబసీ వాళ్ళు దానికేమీ అనలేదు.

కారులో వస్తుంటే ఖోబర్ దీపాలు కనిపించే దగ్గర నాయన, “మీ జేజినాయన ఏకిన దూదితో కుట్టిన పరుపు మీదనే పుట్టినావురా నువ్వు” అన్నాడు. “ఆ పరుపు కోసం మంచి దూది ఏరి పక్కన పెట్టినాడు. ఎవరికీ అమ్మల్యా.” ఇంటికి వచ్చాక అమ్మకు అంతా ఆయనే చెప్పాడు. అమ్మ విని, ఆ అట్ట ఆయన ఇంకా దాచిపెట్టుకున్నాడా అని మాత్రం అడిగింది.

శనివారం స్కూలుకు వెళితే స్కేళ్ళు మోగాయి. టక్, టక్, టుంయ్. మార్పేమీ లేదు. ఇంకో ఏడాది మోగుతూనే ఉన్నాయి. నేను ఏదో గొప్ప సమాధానం చెప్పి వాళ్ళ నోళ్ళు మూయించానని రాయాలని నాకూ ఉంది గానీ, అట్లాంటిదేం జరగలేదు. వాళ్ళకే విసుగు పుట్టి మానేశారు. అందులో ఒకడు ఇప్పటికీ నాకు స్నేహితుడే, రాబిగ్‌లో ఉంటాడు. ఆ సంగతి గుర్తుచేస్తే తల వంచుకుంటాడు. పోనీలే, పిల్లలం అంటాను.

జర్మనీ ఆయన రెండేళ్ళ తర్వాత ఫైనల్ ఎగ్జిట్ మీద వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. ఏటా ఒక కార్డు వచ్చేది. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో వాళ్ళ కూతురి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన చనిపోయాడట. తమ్ముడు దొరకలేదట. వాళ్ళిప్పుడు ఉండే ఊరి సమాధుల తోటలో రాతి మీద ఆయన పేరు కింద తమ్ముడి పేరు కూడా ఇంటిపేరుతో సహా చెక్కించారట. పుట్టిన సంవత్సరం రాసి, పక్కన గీత గీసి, ఆ తర్వాత ఖాళీగా వదిలేశారట. ఆ ఉత్తరాన్ని కూడా నేనే తెలుగులో చదివి నాయనకు వినిపించాను. ఆయన ఇంకోసారి చదవమన్నాడు.

ఇప్పుడు నాయన లేడు. నాకు యాభై దాటి నాలుగేళ్ళు. బతుకంతా ఈ దేశంలోనే గడిచింది. పేరు మొత్తం చెప్పడం నాకు అలవాటైపోయింది, అర్థం అడిగినవాళ్ళకు అర్థం కూడా చెబుతాను. అయితే ఆ శుక్రవారం నుంచి నేను మోసుకొస్తున్నది పేరు ఒక్కటే కాదు. నా కొడుకు పదేళ్ళవాడుగా ఉన్నప్పుడు దమ్మాం స్కూలు నుంచి ఒకనాడు అదే ఏడుపుతో వచ్చాడు. నా పేరు మార్చు నాన్నా అని నా కాళ్ళకు చుట్టుకున్నాడు. కాలం మారినా పిల్లల నోళ్ళు మారలేదన్నమాట. వాడి ఎక్కిళ్ళు చూస్తుంటే నా ప్రాణం విలవిల్లాడింది. పోనీలేరా, తీసేద్దాంలే అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే, తాడు విప్పగానే ఆ జర్మనీ తమ్ముడు ఆపినట్టే, వాడు అప్పుడే ఏడుపు ఆపేస్తాడు, అన్నం తింటాడు. నాయన మూడో రోజుకు ఎందుకు మెత్తబడ్డాడో నాకు ఆ పూట తెలిసింది. బిడ్డ ఏడుస్తుంటే చూస్తూ కూర్చోవడం లోకంలో అన్నిటికన్నా కష్టమైన పని. వాణ్ణి ఒళ్ళోకి తీసుకున్నాను. వాడు ఏడ్చినంతసేపూ వీపు నిమురుతూ కూర్చున్నాను. పేరు జోలికి మాత్రం పోలేదు.